ఎమ్మారై గదిలోకి వెళ్లేముందు: పాఠకుల ప్రశ్నలు, రేడియాలజిస్టు జవాబులు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎమ్మారై స్కానింగు గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని చాలామంది రకరకాలుగా అడిగారు. అందుకే వాటిలో కొన్నింటిని ఎంచుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. ఆరు నెలలుగా నడుం నొప్పి ఉంది, అది కుడికాలి పిక్క దాకా లాగుతోంది. డాక్టరుగారు ఎమ్మారై రాశారు. ఎక్స్‌రేలో, సీటీ స్కానులో రేడియేషన్ ఉంటుందని విన్నాం. ఎమ్మారై వాటికంటే పెద్ద యంత్రం కనుక అందులో ఇంకా ఎక్కువ ఉంటుందని బంధువు ఒకాయన అన్నప్పటి నుంచి అమ్మ వెళ్లనంటోంది. అసలు లోపల ఏం జరుగుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ బంధువు పొరబడ్డారు. ఎక్స్‌రే, సీటీ స్కాను రెండూ ఎక్స్ కిరణాలతో పనిచేస్తాయి. ఎమ్మారైలో ఆ కిరణాలు లేనే లేవు. అందులో ఉండేవి బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు, ఆ తరంగాలను లెక్కగట్టి బొమ్మలుగా మార్చే కంప్యూటరు. ఈ పద్ధతికి మొదట్లో పెట్టిన పేరులో ‘న్యూక్లియర్’ అనే మాట ఉండేది. పరమాణు కేంద్రకం అనే అర్థంలోనే దాన్ని వాడినా, వినేవారికి అణుబాంబు గుర్తుకు వచ్చేది కాబట్టి వైద్యరంగం ఆ మాటను వదిలేసింది. అమ్మగారి భయానికి ఇదే జవాబు, దయచేసి ఆమెకు చదివి వినిపించండి.

మన శరీరంలో ఎక్కువగా ఉండేది నీరు, ఆ తర్వాత కొవ్వు. రెండింటిలోనూ హైడ్రోజన్ ఉంది. ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా అవి తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. మనిషి యంత్రంలో పడుకోగానే వాటిలో కొద్ది భాగం ఒకే దిశకు మొగ్గుచూపుతూ, వేగం తగ్గిన బొంగరం తల ఊపుతూ తిరిగినట్టు తిరుగుతుంటాయి. ఆ ఊపుకు సరిగ్గా సరిపోయే రేడియో తరంగాన్ని క్షణకాలం పంపితే అవి పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆగిపోగానే మళ్లీ యథాస్థితికి వస్తూ అతి సన్నని సంకేతాన్ని వెలువరిస్తాయి. నీరున్న చోట ఒక తీరుగా, కొవ్వున్న చోట మరొక తీరుగా ఈ తిరిగి రావడం జరుగుతుంది కాబట్టే డిస్కు, నరం, వెన్నుపాము, కండరం ఒక్కొక్కటి ఒక్కో ఛాయలో కనిపిస్తాయి. ఎముకను చూపడంలో ఎక్స్‌రే దిట్ట, మెత్తని భాగాలను చూపడంలో దీనికి సాటి లేదు. ఇలా బొమ్మలు తీయవచ్చని చూపినందుకే పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సాధారణంగా వాడే 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) యంత్రంలోని రేడియో తరంగాలు మనం పాటలు వినే ఎఫ్‌ఎం తరంగాలకు దగ్గరి చుట్టాలు. వాటివల్ల ఒంటికి కొద్దిపాటి వెచ్చదనం తెలియవచ్చు, అంతే.

ఇక అమ్మగారికి ఆ రోజు ఎదురయ్యేవి చెబుతాను. ఒంటిమీది లోహపు వస్తువులన్నీ తీయించి, ఆసుపత్రి గౌను ఇస్తారు. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, చెవులకు దూది లేదా హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక రబ్బరు బుడగ అందిస్తారు. ఎప్పుడు ఇబ్బంది అనిపించినా దాన్ని నొక్కితే బయట టెక్నీషియన్‌కు గంట వినిపిస్తుంది. బల్ల మెల్లగా లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత శబ్దం మొదలవుతుంది. దబదబ, టకటక, మధ్యలో కాసేపు నిశ్శబ్దం, మళ్లీ వేరే తాళం. యంత్రంలోని తీగచుట్టల్లో విద్యుత్తు క్షణక్షణానికీ మారుతూ ఉండటంతో అవి అదిరి చేసే చప్పుడు అది. ఎంత పెద్దగా ఉన్నా యంత్రం పాడైందని అనుకోనక్కర్లేదు. నడుం స్కానుకు సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కాలికి లాగే నొప్పి ఉన్నవారికి వెల్లకిలా పడుకోవడమే పెద్ద పరీక్ష కాబట్టి, మోకాళ్ల కింద దిండు పెట్టమని ముందే అడగండి. డాక్టరుగారు రాసిన నొప్పి మాత్రను ఏ సమయానికి వేసుకుంటే ఆ అరగంటా హాయిగా గడుస్తుందో కూడా ఆయననే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి తలనొప్పులు వస్తున్నాయని మెదడు ఎమ్మారై రాశారు. మెట్టెలు, మంగళసూత్రం తీయాలంటే ఆవిడ ససేమిరా అంటున్నారు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అని ఆవిడ వాదన. పైగా మూడేళ్ల క్రితం ఆవిడకు మోకాలి కీలు మార్పిడి జరిగింది. ఆ లోహం సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అత్తగారి వాదనలో నిజముంది. స్వచ్ఛమైన బంగారాన్ని గానీ వెండిని గానీ అయస్కాంతం లాగదు. కానీ ఆభరణంలో కలిసిన లోహమేదో మనకు తెలియదు. పైగా అయస్కాంతం లాగని లోహంలో కూడా రేడియో తరంగాల వల్ల విద్యుత్తు పుట్టి వేడెక్కే అవకాశం ఉంది. మెడలో గొలుసుంటే తల, మెడ ప్రాంతాల బొమ్మలు అక్కడికక్కడే చెడిపోతాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం సూత్రం కాదు, దానికి తగిలించిన పిన్నీసులు. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఇది ఎంత అలవాటో అందరికీ తెలుసు. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దావిడ గాజులు, కమ్మలు, ముక్కుపుడక అన్నీ తీసి కొడుకు చేతికిచ్చి, ‘ఇంకేమీ లేవు బాబూ’ అన్నారు. గుమ్మం దగ్గర మా టెక్నీషియన్ అలవాటు ప్రకారం మరోసారి అడిగితే, పైట కింద పసుపుతాడుకు వరసగా నాలుగు పిన్నీసులు బయటపడ్డాయి. స్టీలు పిన్నీసు ఆ గదిలో బాణంలా ఎగిరి, కంటిమీదికే రావచ్చు. మగవారిలోనూ, పిల్లల్లోనూ దీనికి సాటి వస్తువు మొలతాడు: వెండి మొలతాడు, దానికి కట్టిన తాళంచెవి, తాయెత్తు. ఇవి బట్టల కింద ఉంటాయి కాబట్టి మనసులోంచే జారిపోతాయి. జరీ చీర, హుక్కుల రవిక, జడపిన్నులు, వినికిడి యంత్రం, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, ఏటీఎం కార్డు, సెల్‌ఫోను అన్నీ బయటే ఉండాలి. కాటుక కూడా పెట్టుకోకుండా రావడం మంచిది, కొన్ని రకాల కాటుకలో ఇనుము సమ్మేళనాలు ఉంటాయి.

సూత్రం విషయంలో ఆవిడ మనసు నొప్పించకుండా ఒక దారి ఉంది. పసుపు రాసిన నూలుదారానికి పసుపుకొమ్ము కట్టుకుని రావడం మన పెద్దలు ఎరిగిన పద్ధతే, దారంలో గానీ కొమ్ములో గానీ లోహం లేదు కాబట్టి యంత్రానికి ఏ అభ్యంతరమూ ఉండదు. మెట్టెలు ఏళ్ల తరబడి వేళ్లకు బిగిసిపోయి ఉంటే ముందురోజు రాత్రి సబ్బునీళ్లలో కాళ్లు నానబెట్టి తీయడానికి ప్రయత్నించండి. ఎంతకీ రాకపోతే ఆ సంగతి అక్కడి సిబ్బందికి చెప్పి, నిర్ణయం వారికి వదిలేయండి. దాచిపెట్టి లోపలికి వెళ్లవద్దు.

మోకాలి కీలు మార్పిడికి సాధారణంగా వాడే టైటానియం, కోబాల్ట్–క్రోమియం లోహాలు ఎమ్మారైకి అడ్డు కావు. గుండె స్టెంట్లు, పళ్ల సిమెంటు, కాపర్ టీ విషయంలోనూ చాలావరకు ఇంతే. అయినా ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీనో, అప్పుడు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డునో తప్పకుండా తీసుకెళ్లండి. పేస్‌మేకరు, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంటు, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్పు ఉన్నవారి సంగతి వేరు. కొత్తరకం పేస్‌మేకర్లలో కొన్నింటికి షరతులతో స్కాను చేయవచ్చు, కానీ పరికరం మోడల్ చూసి, హృద్రోగ నిపుణులతో మాట్లాడిన తర్వాతే. వెల్డింగు, లేతు, గ్రైండింగు పని చేసినవారు కూడా ఆ మాట ముందే చెప్పాలి. ఒకసారి ఒకాయన ఫారంలో అన్నింటికీ ‘లేదు’ అని రాశారు. ఏం పని చేస్తారని అడిగితే వెల్డింగు అన్నారు. అనుమానం వచ్చి ఎక్స్‌రే తీస్తే కంటిగూటిలో ఆవగింజకంటే చిన్న ఇనుపరవ్వ కనిపించింది. అది ఎప్పుడు పడిందో ఆయనకే గుర్తు లేదు. ఆ రవ్వ అయస్కాంతానికి కదిలి ఉంటే చూపు పోయేది.

ఇంకొక్క మాట, ఇది రోగితో వచ్చేవారి కోసం. ఈ అయస్కాంతం స్కాను జరిగేటప్పుడు మాత్రమే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సున్నాకు దిగువన 269 డిగ్రీల చల్లదనంలో ఉండే ద్రవ హీలియంతో దాని తీగచుట్టలను చల్లబరుస్తారు, ఆ చలిలో వాటిలోని విద్యుత్తు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. రాత్రీ పగలూ, గదిలో ఎవరూ లేకపోయినా దాని బలం తగ్గదు. ఆ బలం భూమి అయస్కాంత శక్తికి 30 వేల రెట్లకు పైమాటే. 2001లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ల బాలుడు, 2018 జనవరిలో ముంబైలో రోగి వెంట వచ్చిన ఒక యువకుడు ఈ అయస్కాంతం లాగిన లోహపు వస్తువు వల్లే ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా గదిలోకి వెళ్లింది ఆక్సిజన్ సిలిండరే. పిలవకుండా ఆ గుమ్మం దాటవద్దు. స్ట్రెచరు గానీ, చక్రాల కుర్చీ గానీ, సిలిండరు గానీ మీ చేత్తో లోపలికి తోయవద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే.

ప్రశ్న: మా నాన్నగారిని మెడ స్కానుకు తీసుకెళితే రెండు నిమిషాలకే ఊపిరాడడం లేదని బయటకు వచ్చేశారు. సిబ్బంది విసుక్కున్నారు. మళ్లీ వెళ్లాలంటే వణికిపోతున్నారు. మత్తు ఇచ్చి చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సిబ్బంది విసుక్కోవడం తప్పు. ఇరుకు చోట్లంటే భయం పిరికితనం కాదు, చాలామందిని పట్టి పీడించే ఇబ్బంది అది. నాన్నగారికి ఈ మాట మొదట చెప్పండి.

సొరంగం వ్యాసం 60 లేదా 70 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు వైపులా తెరిచే ఉంటుంది, లోపల దీపం, గాలి ఉంటాయి. 70 సెంటీమీటర్ల యంత్రం మీకు అందుబాటులో ఎక్కడుందో ఫోనుచేసి కనుక్కోండి. లోపలికి వెళ్లకముందే కళ్లమీద చేతిరుమాలు కప్పించండి. కళ్లు తెరిచి ఆ పైకప్పును చూసిన క్షణమే భయానికి బీజం పడుతుంది, చూడనివారిలో చాలామంది నెట్టుకొస్తారు. తనిఖీ పూర్తయ్యాక ఇంటివారొకరు గదిలోనే ఉండి కాలు పట్టుకుని కూర్చోవచ్చు, దీనికి చాలా కేంద్రాలు ఒప్పుకుంటాయి. స్కాను ఏకబిగిన సాగదు, కొన్ని నిమిషాల చొప్పున విడతలుగా జరుగుతుంది. ‘ఇది నాలుగు నిమిషాలు, ఇప్పుడు కదలకండి’ అని ప్రతి విడతకు ముందూ మైకులో చెప్పమని టెక్నీషియన్‌ను కోరండి. ఎంతసేపో తెలిస్తే మనిషి ఓర్చుకోగలడు.

ఇవేవీ సరిపోకపోతే ఆందోళన తగ్గించే మాత్రను డాక్టరుగారు రాసివ్వవచ్చు. ఆ మాత్ర వేసుకున్న రోజు ఆయన బండి నడపకూడదు. పూర్తి మత్తు అవసరమైతే మత్తుమందు డాక్టరు ఉన్న చోటే చేయించాలి, వారు చెప్పినంతసేపు కడుపు ఖాళీగా ఉంచాలి.

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వస్తే ఆసుపత్రిలో ముందు సీటీ తీశారు, అందులో ఏమీ లేదన్నారు. గంటలోనే మళ్లీ ఎమ్మారై తీశారు. మొదటే ఎమ్మారై తీస్తే డబ్బు కలిసొచ్చేది కదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ ఈ వరసలో తప్పు లేదు. పక్షవాతం రెండు రకాలు: రక్తనాళం మూసుకుపోవడం, రక్తనాళం చిట్లడం. రెండింటికీ వైద్యం పరస్పర విరుద్ధం. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి, రక్తస్రావం ఉన్నవారికి పొరపాటున ఇస్తే ప్రాణాపాయం. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, రక్తస్రావాన్ని స్పష్టంగా చూపుతుంది. అందుకే అది ముందు. మీ నాన్నగారి సీటీలో ‘ఏమీ లేదు’ అంటే రక్తస్రావం లేదని అర్థం. నాళం మూసుకుపోయి మెదడు దెబ్బతిన్న చోటు తొలి గంటల్లో సీటీకి అందకపోవచ్చు. ఎమ్మారైలోని డిఫ్యూజన్ అనే పద్ధతిలో అది నిమిషాల్లోనే తెల్లని మచ్చగా తేలుతుంది. రెండు పరీక్షలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పాయి.

ప్రశ్న: నాకు 15 ఏళ్లుగా షుగరు, క్రియాటినిన్ 1.8 ఉంది. కాంట్రాస్ట్ ఎమ్మారై రాశారు. ఆ ఇంజెక్షన్ కిడ్నీలను పాడుచేస్తుందంటున్నారు. మెట్‌ఫార్మిన్ ఆపాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎమ్మారైలో ఇచ్చేది గాడోలినియం అనే లోహపు సమ్మేళనం. సీటీలో ఇచ్చే అయోడిన్ మందు వేరు, ఆ రెండింటినీ ఒక్కటిగా భావించడం వల్లే ఈ గందరగోళం. కణితి, చీము, వాపు ఉన్న చోట రక్తప్రసారం ఎలా ఉందో చూపడానికి దీన్ని చేతి నరంలోకి ఎక్కిస్తారు. ఎక్కిస్తున్నప్పుడు చెయ్యి చల్లబడినట్టు ఉంటుంది, కొందరికి నోట్లో లోహపు రుచి తగులుతుంది.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో పాతరకం గాడోలినియం మందుల వల్ల చర్మం గట్టిపడి బిగుసుకుపోయే అరుదైన జబ్బు వచ్చేదని 2006లో గుర్తించారు. ఆ తర్వాత జాగ్రత్తలు పెరిగాయి, మరింత స్థిరమైన మందులు వాడుకలోకి వచ్చాయి. వాటితో ఈ ముప్పు చాలా చాలా తక్కువ. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. వయసుతో కలిపి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) లెక్కిస్తారు, అది 30 కంటే తక్కువైతే మరింత ఆలోచించి, ఏ మందు వాడాలో ఎంచుకుంటారు. మీ తాజా రక్తపరీక్ష కాగితం తీసుకెళ్లి, ఇంజెక్షన్‌కు ముందే రేడియాలజిస్టుకు చూపించండి. ఈ మందు కోసం మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు. గతంలో ఏ కాంట్రాస్ట్ వల్లనైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

గర్భిణులు ఈ స్కాను చేయించుకోవచ్చా అని విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. అవసరమైతే చేయించుకోవచ్చు, గాడోలినియం మాత్రం తప్పనిసరైతేనే. పాలిచ్చే తల్లులు ఈ ఇంజెక్షన్ తర్వాత పాలు ఆపాల్సిన పని లేదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నడుం నొప్పికి ఎమ్మారై తీయించుకున్నాను. ‘ఎల్‌4–ఎల్‌5 దగ్గర డిస్క్ డెసికేషన్, డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, థీకల్ శాక్‌పై ఒత్తిడి, క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అని రిపోర్టులో ఉంది. ఇంటర్నెట్‌లో వెతికాక నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ తప్పదా? కాలికి నొప్పి పాకడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇలాంటి రిపోర్టులు రోజూ రాసేవాణ్ని కాబట్టి ఒక్కో మాటకూ అర్థం చెబుతాను. ఎల్‌4, ఎల్‌5 అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసలు, డిస్కు వాటి మధ్య ఉండే మెత్త. డెసికేషన్ అంటే డిస్కులోని నీరు తగ్గడం. టీ2 అనే రకం బొమ్మల్లో నీరు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి, నిండుగా ఉన్న డిస్కు తెల్లగానూ, నీరు తగ్గినది నల్లగానూ ఉంటుంది. బల్జ్ అంటే ఆ డిస్కు అంచు చుట్టూ కాస్త ఉబ్బడం, గాలి తగ్గిన స్కూటరు టైరు నేలమీద పరుచుకున్నట్టు. థీకల్ శాక్ అనేది నరాలను, వాటి చుట్టూ ఉండే ద్రవాన్ని కప్పి ఉంచే సంచి. డిస్కు ఉబ్బు దాని ముందు గోడను తాకిందని మాత్రమే ఆ వాక్యం చెబుతోంది. నరం నలిగిందని మీ రిపోర్టు ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు మీరు తప్పక తెలుసుకోవలసిన విషయం. నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కానులపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. దాని ప్రకారం 20 ఏళ్ల వయసువారిలో 30 శాతం మందికి, 30 ఏళ్ల వారిలో 40 శాతం మందికి, 50 ఏళ్ల వారిలో 60 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. మీ ఆఫీసులో మీ వయసువారు పదిమందిని వరసగా నిలబెట్టి స్కాను తీస్తే, హాయిగా తిరుగుతున్న వారిలోనూ నలుగురికి ఇంచుమించు మీ రిపోర్టే వస్తుంది. జుట్టు నెరిసినట్టే డిస్కులూ నెరుస్తాయి. రిపోర్టులో కనిపించిన ప్రతిదీ మీ నొప్పికి కారణం కానక్కర్లేదు.

‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అనే మాటను చూసి చాలామంది రిపోర్టు రాసినవారు బాధ్యత తప్పించుకున్నారని అనుకుంటారు. నేను ఆ మాట రాసేటప్పుడు నా ముందు ఉండేవి బొమ్మలు మాత్రమే. మీరెలా నడుస్తారో, ఏ వైపు వంగితే పట్టేస్తుందో, మడమల మీద నిలబడగలరో లేదో నాకు తెలియదు. అవి చూసినవారు మీ డాక్టరు. బొమ్మలో కనిపించిన చోటు, మీ ఒంట్లో నొప్పి ఉన్న చోటు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా లేదా అని ఆయన చూడాలి. అందుకే రిపోర్టు కాగితం ఒక్కటీ వాట్సాప్‌లో పదిమందికి పంపడంకంటే, ఫిల్ములూ సీడీ పట్టుకుని స్కాను రాసినవారి దగ్గరికే వెళ్లడం మేలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆపరేషన్ మాట ఎత్తవలసిన పరిస్థితి కనిపించడం లేదు. కాలికి పాకే నొప్పి ఉన్నవారిలో కూడా ఎక్కువమందికి మందులు, ఫిజియోథెరపీ, నడకతో కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. జారిన డిస్కు ముక్క దానంతటదే కుంచించుకుపోవడం మేము మలి స్కానుల్లో చూస్తూనే ఉంటాం.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయవద్దు. నడుస్తుంటే తెలియకుండానే చెప్పు కాలి నుంచి జారిపోవడం, పాదం పైకి లేవకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, మలవిసర్జనపై పట్టు పోవడం, కూర్చునే చోట మొద్దుబారి స్పర్శ తెలియకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో కూడిన నడుం నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం కూడా డాక్టరుకు వెంటనే చెప్పవలసిన సంగతులే. ఇవేవీ లేకుండా, నొప్పి తగ్గుముఖం పడుతుంటే, డిస్కు ఎలా ఉందో చూద్దామని ఆరు నెలలకోసారి స్కాను తీయించుకోవలసిన అవసరం మీకు లేదు.